విద్యుదింజనీరింగు విద్య: గడపయు, మెట్లును

ప్రతి సంవత్సరము ఇంటర్మీడియటు పరీక్షాఫలితములు వెలువడు దినములలో తెలుగునాట పల్లెలయందును పట్టణములయందును ఒకే సంభాషణము వినవచ్చుచుండును. బిడ్డకు వచ్చిన ర్యాంకెంత? ఆ ర్యాంకునకు ఏ కళాశాలలో స్థానము దొరకును? ఏ శాఖకు గిరాకి హెచ్చు? పంటరాబడిని, కౌలుసొమ్మును లెక్కించుకొని, చాలనిచో ఎకరమో రెండెకరములో అమ్ముటకైనను సిద్ధపడి తల్లిదండ్రులు ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరములు వెదకుచుందురు. ఈ ప్రశ్నలు అనవసరములని మేమనము. కాని వీనికంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. ఆ చదువు ఎట్టిది? అది విద్యార్థినుండి ఏమి కోరును? నాలుగు సంవత్సరములలో ఏ క్రమమున ఏమి నేర్పును? ఈ ప్రశ్న నడుగువారు అరుదు.

అన్ని శాఖలను గూర్చి యొక వ్యాసమున చర్చింప వీలులేదు గనుక విద్యుదింజనీరింగు పట్టమునే ఉదాహరణముగా గైకొందము. ఈ పట్టమునకు అర్హతలు రెండు విధములు. పరీక్షాధికారులు అడుగునది యొకటి. శాస్త్రము అడుగునది వేఱొకటి. మొదటిది లేనివానిని గడపకు వెలుపలనే నిలిపివేయుదురు. రెండవది లేనివానిని నిలుపువారెవరును లేరు. అతడు లోనికి పోవును, నాలుగేండ్లు గడపును, ఒక్కొక్కప్పుడు పట్టమునే చేతబట్టుకొని వచ్చును. విద్య మాత్రము వానివెంట రాదు. సొమ్మును, కాలమును నష్టమగుట ఇచ్చటనే.

ఈ విద్య మన దేశమునకు వచ్చిన క్రమమును స్మరించుట మంచిది. ఫారడే మహాశయుడు విద్యుదయస్కాంత ప్రేరణమును 1831లో కనుగొనెను. మైసూరు సంస్థానమున కావేరీ నదిపై శివసముద్రము వద్ద 1902లో విద్యుత్తు పుట్టించి కోలారు బంగారుగనులకు పంపిరి. బెంగుళూరు విజ్ఞానసంస్థలో 1911లో బోధన ప్రారంభమైనప్పుడు మొదటి శాఖలలో విద్యుత్సాంకేతిక శాఖ యొకటి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు కళాశాల 1919లో వెలసెను. చెన్నపురి గిండీ కళాశాలలో విద్యుచ్ఛాఖ 1930లో వచ్చెను. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల 1929లోను, కాకినాడ, అనంతపురము కళాశాలలకు మూలమైన విద్యాలయములు 1946లోను ఏర్పడెను. ఓరుగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 1959లో వచ్చెను. పశ్చిమగోదావరి మండలమున మోగల్లు గ్రామములో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు కాశికి పోయి చదివిరి. పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డునకు పోయిరి. తుదకు 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్సు కార్పొరేషనును నెలకొల్పిరి. ఆ తరము వారికి తలుపులు దుర్లభములు. చదువుటయం దాసక్తి మెండు. నేడు తలుపులకు కొదువ లేదు. కావుననే ఏ తలుపు ఎచ్చటికి పోవునో తెలిసికొనవలసిన భారము మనపై బడినది.

నేడు ఈ విద్యలో ప్రవేశించుటకు మన విద్యార్థులకు గల ముఖ్యమార్గములు నాలుగు.

మొదటిది అఖిలభారత మార్గము. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2019 నుండి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ సంవత్సరమునకు రెండు పర్యాయములు జరుపుచున్నది. గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము ఇందలి విషయములు. మొత్తము 300 మార్కులు. దీనిని తెలుగునందును వ్రాయవచ్చును. దీనిలో పై వరుసన నిలిచిన సుమారు 2,50,000 మందికి జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డు వ్రాయు అర్హత కలుగును. అది ఒకేదినమున మూడేసి గంటల రెండు పత్రములు గల పరీక్ష. వరుసగా రెండు సంవత్సరములలో రెండు పర్యాయములకు మించి వ్రాయరాదు. ఐ.ఐ.టి.లలో ప్రవేశము దీని మూలముననే. ఓరుగల్లు, తాడేపల్లిగూడెము మొదలగు చోట్లనున్న ఎన్.ఐ.టి.లకు మెయిన్ ర్యాంకు చాలును. వీనిలో సామాన్యముగా సగము స్థానములు ఆయా రాష్ట్రముల వారికి ప్రత్యేకింపబడును. ర్యాంకు మాత్రమే చాలదు. పండ్రెండవ తరగతిలో నూటికి 75 మార్కులైనను రావలయును, లేదా తమ బోర్డులో పై నూటికి 20 మందిలోనైనను ఉండవలయును. షెడ్యూల్డు కులములకు, తెగలకు, వికలాంగులకు 75కు బదులు 65 చాలును.

రెండవది రాష్ట్రమార్గము. చిరకాలము ఎంసెట్ అనబడిన పరీక్ష ఆంధ్రప్రదేశమున 2021 నుండియు, తెలంగాణమున 2024 నుండియు ఈఏపీసెట్ అను పేరుతో జరుగుచున్నది. మూడు గంటలలో 160 ప్రశ్నలు: గణితమున 80, భౌతికశాస్త్రమున 40, రసాయనశాస్త్రమున 40. తప్పునకు మార్కుల కోత లేదు. ఇంటర్మీడియటునందు ఆ మూడు విషయములలో కలిపి నూటికి 45, రిజర్వేషను గలవారికి 40 రావలయును. అనుబంధ కళాశాలలలో నూటికి 70 స్థానములను కన్వీనరు ర్యాంకును బట్టి నింపును. తక్కిన 30 యాజమాన్యపు వాటా.

మూడవది పాలిటెక్నిక్కుల మార్గము. పదవ తరగతి పిదప పాలీసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా ముగించినవారు ఇసెట్ అను పరీక్ష మూలమున పట్టపుతరగతి రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. ఆ పరీక్షలోని 200 ప్రశ్నలలో 100 వారి శాఖకు సంబంధించినవే. తక్కినవి గణితమున 50, భౌతిక రసాయనములలో 25 చొప్పున. మోటారు విప్పి బిగించుట చేతులార నేర్చినవారికి ఇది గౌరవప్రదమైన మార్గము; దీనిని తక్కువగా చూచుట మన అవివేకము.

నాలుగవది గ్రామీణులకు మిక్కిలి ఉపకరించునది. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులను బట్టియే విద్యార్థులను చేర్చుకొని, ఆరేండ్ల ఏకీకృత విద్య నొసంగుచున్నది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణములు దీనివలన ఏర్పడినవే.

ఇవి గడపలు. ఈ గడపలు ఎంత ఎత్తో యొక లెక్క చూతము. రాష్ట్రపరీక్షలో సాధారణముగా నూటికి 25, అనగా 160కి 40 మార్కులు వచ్చినచో అర్హత లభించును. ప్రతి ప్రశ్నకును నాలుగు సమాధానములిచ్చి యొకటి గుర్తింపుమందురు. తప్పునకు శిక్ష లేదు. ప్రశ్నపత్రమును చదువకయే గ్రుడ్డిగా గుర్తులు పెట్టినవానికి సైతము సగటున వచ్చునవి 40 మార్కులే! మంచి కళాశాలకు ఇంతకంటె మిక్కిలి హెచ్చు ర్యాంకు కావలసిన మాట నిజమే. కాని స్థానములు మిగిలియున్న కళాశాలలో, యాజమాన్యపు వాటాలో చేరువానికి ఈ అర్హత వలన తెలియునది ఏమియు లేదు. అట్టి బిడ్డకు ప్రవేశము దొరకినంత మాత్రమున శాస్త్రము పట్టుబడునని తండ్రి యూహించుట ప్రమాదకరము.

శాస్త్రము అడుగునది ఏమి? ఒక్కమాటలో చెప్పవలసినచో, గణితము. మన ఇండ్లకు వచ్చు విద్యుత్ప్రవాహము సెకనునకు 50 పర్యాయములు ఊగిసలాడు ప్రవాహము. దీనిని లెక్కించుటకు సంకీర్ణసంఖ్యలను వాడు విధానమును స్టెయిన్‌మెట్జ్ అను శాస్త్రజ్ఞుడు 1893లో షికాగో విద్యుత్సమావేశమున ప్రకటించెను. ఇంటర్మీడియటు రెండవ సంవత్సరమున సంకీర్ణసంఖ్యలు, డిమావర్ సిద్ధాంతము చదువు బిడ్డలు "ఇది యెందులకు?" అని విసుగుకొందురు. ఇందులకే. స్విచ్చి వేసిన క్షణమున తీగలో ఏమి జరుగునో చెప్పునవి అవకలన సమీకరణములు. భౌతికశాస్త్రమున విద్యుదయస్కాంత ప్రేరణము, ఏకాంతర విద్యుత్ప్రవాహము అను రెండు పాఠములు ఈ పట్టమునకు పునాదిరాళ్లు. ఈ పాఠములను మార్కులకొఱకు కంఠస్థము చేసినవాడు పట్టపుతరగతిలో రెండవ సంవత్సరమునకే చతికిలబడును. అఖిల భారత సాంకేతిక విద్యామండలి తన 2021–22 నిబంధనలలో పదునాలుగు విషయములలో ఏ మూడు చదివినవారైనను ఇంజనీరింగునకు అర్హులని ప్రకటించినప్పుడు దేశమున గొప్ప విమర్శ చెలరేగుటకు కారణమిదియే. కాగితముమీద గణితమును ఐచ్ఛికము చేయవచ్చును. డైనమో మాత్రము అట్టి మినహాయింపు నెఱుగదు.

రైతులెల్లరు ఎఱిగిన యొక దృష్టాంతము చెప్పెదము. బావివద్ద మూడు ఫేజుల మోటారు నడుచుచుండగా ఒక ఫేజు పోయినది. మోటారు వెంటనే ఆగదు. మిగిలిన ఫేజులనుండి అధిక ప్రవాహమును గుంజుకొని నీరు తోడనే యత్నించును. వైండింగు వేడెక్కి కాలిపోవును. కాలినదని చూచి చెప్పగలవాడు మెకానిక్కు. క్రొత్త తీగ చుట్టి సరిచేయగలవాడును అతడే. వాని విద్య విలువైనదే. కాని ఎంత ప్రవాహము పెరిగినది, ఎంత కాలములో కాలును, ఏ రక్షణసాధనము ఎన్ని సెకనులలో తెగవలయును, ఆ ఊరి ట్రాన్సుఫార్మరుమీద ఎన్ని మోటారులు ఉండదగును అని ముందే లెక్కగట్టి, కాలకుండ చేయవలసినవాడు ఇంజనీరు. మూడు ఫేజులు సమముగా లేనప్పటి లెక్కకు ఫోర్టెస్క్యూ 1918లో కనిపెట్టిన పద్ధతి నేటికిని ఆధారము. మూడవ సంవత్సరమున విద్యార్థి దానిని చదువును. ఇంటర్మీడియటులో సంకీర్ణసంఖ్యలు పట్టుబడనివానికి అది అర్థము కాదు. పునాదిరాతికిని ట్రాన్సుఫార్మరునకును గల సంబంధము ఇట్టిది.

ఇక మెట్లు. నాలుగు సంవత్సరములు, ఎనిమిది అర్ధసంవత్సరములు. సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన నమూనా ప్రకారము పట్టమునకు 160 క్రెడిట్లు. వారమున కొక గంట ఉపన్యాసమునకు ఒక క్రెడిటు. ప్రయోగశాలలో రెండు గంటలకు ఒక క్రెడిటు. వీని పంపకము గమనింపదగినది. భాషలు, సమాజశాస్త్రములు మొదలగువానికి 12. గణిత భౌతిక రసాయనములకు 25. అన్ని శాఖలకు సమానమైన ఇంజనీరింగు మూలములకు 24. స్వశాఖ ముఖ్యవిషయములకు 48. స్వశాఖలో ఎన్నుకొను విషయములకు 18. ఇతరశాఖలనుండి ఎన్నుకొనువానికి 18. ప్రాజెక్టు, పరిశ్రమ శిక్షణము మొదలగువానికి 15. ఈ చట్రమునకు లోబడి విశ్వవిద్యాలయములు కొలదిగా మార్పులు చేసికొనును. 20 క్రెడిట్లు అదనముగా చదివినవారికి ఆనర్సు లభించును. శాఖకు ప్రత్యేకమైనది మొత్తములో సగమునకు తక్కువ యనుట గుర్తుంచుకొనదగిన విషయము. శాఖపేరును జూచి మురియువారును, శాఖపేరును జూచి భయపడువారును దీనిని గమనించినచో ఇరువురకును మేలు.

మొదటి సంవత్సరమున కలనగణితము, రేఖీయ బీజగణితము, అవకలన సమీకరణములు, భౌతికశాస్త్రము, ఇంజనీరింగు డ్రాయింగు, గణనయంత్రమునకు ప్రోగ్రాము వ్రాయుట, వర్కుషాపు, విద్యుచ్ఛాస్త్ర ప్రాథమికాంశములు. ఇంటర్మీడియటు శ్రమ నుండి విడుదలయైన విద్యార్థులు ఈ సంవత్సరమునే అలక్ష్యము చేయుదురు. తరువాతి మూడేండ్లును దానికి వడ్డీ చెల్లింతురు. రెండవ సంవత్సరమున విద్యుద్వలయములు, విద్యుదయస్కాంత క్షేత్రములు, ఎలక్ట్రానిక్సు, ట్రాన్సుఫార్మరులు, మోటారులు, జనరేటరులు. మూడవ సంవత్సరమున విద్యుత్తును దూరప్రాంతములకు పంపు విధానము, నియంత్రణ వ్యవస్థలు, పవర్ ఎలక్ట్రానిక్సు, మైక్రోప్రాసెసరులు, కొలతలు. నాలుగవ సంవత్సరమున సౌర, పవన విద్యుత్తులు, విద్యుద్వాహనములు, లైనుల రక్షణము మొదలగువానిలో తన కిష్టమైనవి, దానితో ప్రాజెక్టు. ఐ.ఐ.టి.లలో "ఎలక్ట్రికల్" అను నొక్కపేరు క్రిందనే ఎలక్ట్రానిక్సును, సమాచార ప్రసారమును చేరియుండును. మన రాష్ట్ర కళాశాలలలో "ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్సు" అనునది వేఱు, "ఎలక్ట్రానిక్సు అండ్ కమ్యూనికేషన్సు" అనునది వేఱు. పేరులలోని ఈ భేదము నెఱుగక చేరి విచారించువారు కలరు.

ఈ మెట్లకు గల గుణమేమనగా, ఒక మెట్టు దాటి మఱియొక మెట్టు ఎక్కుటకు వీలులేదు. చరిత్రలో ఒక రాజు పాలనమును చదువకున్నను తరువాతి రాజును గూర్చి చదువవచ్చును. ఇచ్చట వలయములు రానివానికి యంత్రములు రావు. యంత్రములు రానివానికి పవర్ సిస్టమ్సు రాదు. పరీక్షకు ముందు పదిదినములు చదివి మార్కులు తెచ్చుకొనవచ్చును; కాని మెట్టు మాత్రము ఖాళీగనే యుండును.

విద్య చెడుచోటు ప్రధానముగా ప్రయోగశాల. ఒక పట్టికలోని అంకెలనే సంవత్సరము వెంట సంవత్సరము చూచివ్రాయు రికార్డులును, అంగడిలో కొనితెచ్చిన ప్రాజెక్టులును ఇంజనీరును పుట్టింపవు. ట్రాన్సుఫార్మరును తాకకయే ట్రాన్సుఫార్మరు ప్రయోగమునకు మార్కులు పొందినవాడు రేపు సబ్‌స్టేషనున నిలిచినప్పుడు ప్రాణాపాయము వానికి మాత్రమే కాదు, వానిక్రింద పనిచేయు లైనుమనిషికిని కలుగును. కావున సొమ్ము చెల్లింపక పూర్వము తల్లిదండ్రులు కళాశాలకు స్వయముగా పోయి నాలుగు విషయములు విచారింపవలయును. యంత్రముల ప్రయోగశాలలో యంత్రములు తిరుగుచున్నవా, దుమ్ము పట్టియున్నవా? ఒక్కొక్క యంత్రమునకు విద్యార్థులెందఱు? ఆ శాఖలో బోధించువారు స్థిరముగా నున్నారా, యేటేట మారుచున్నారా? ఆ శాఖకు నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ వారి గుర్తింపు గలదా? ఈ గుర్తింపు కళాశాలకు మొత్తముగా గాక శాఖకు వేర్వేరుగా నీయబడును. కావున శాఖను గూర్చియే అడుగవలయును. 2014లో మన దేశము వాషింగ్టను ఒడంబడికలో పూర్ణసభ్యత్వము పొందినపిదప, ఆ ప్రమాణమునకు దగిన గుర్తింపు గల పట్టములకు ఆ ఒడంబడికలోని ఇతరదేశములందును మన్నన కలదు. ఎత్తైన భవనములకంటెను, రహదారి ప్రక్కనున్న ప్రకటనలకంటెను ఈ నాలుగు ప్రశ్నలు నమ్మదగినవి.

భాషను గూర్చియు ఒకమాట. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నతశాస్త్రములను ఉర్దూలో బోధించి, దేశభాషలలో శాస్త్రబోధన అసాధ్యము కాదని చూపెను. సాంకేతిక విద్యామండలి 2021లో తెలుగుతో గూడ ఎనిమిది భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధించుట కనుమతించినది. అనుమతి వచ్చినంతనే గ్రంథములు రావు. తెలుగు మాధ్యమమున చదివివచ్చిన పల్లెబిడ్డ మొదటి సంవత్సరమున తడబడుట బుద్ధిమాంద్యముచేత కాదు, భాషచేత. వలయమును తెలుగులో అర్థము చేసికొని ఆంగ్లమున వ్రాయుట కలవడునట్లు తోడ్పడగల అధ్యాపకుడున్నచో వాడు ఆఱు నెలలలో తక్కినవారి సరసన నిలుచును. అట్టి అధ్యాపకుడు లేనిచో మంచి గణితము గల విద్యార్థిని దేశము పోగొట్టుకొనును. ఇది ధననష్టముకంటె పెద్దనష్టము.

ఇటీవల గణనయంత్ర శాఖయందలి మోజుచే విద్యుచ్ఛాఖను రెండవ పక్షముగా చూచువారు పెక్కురు. వారికి ఒక సంఘటనను జ్ఞాపకము చేసెదము. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతములందు విద్యుద్వ్యవస్థ కుప్పకూలి కోట్లకొలది జనులు చీకటిపాలైరి, రైళ్లు నిలిచిపోయెను. అప్పటికి దక్షిణదేశపు గ్రిడ్డు ఉత్తరముతో సమకాలముగా కలియలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో అది కలిసి, దేశమంతయు ఒకే గ్రిడ్డైనది. నేడు రాజస్థానమున జరిగిన కలత ఫలితము రాయలసీమవఱకు స్పందింపగలదు. ఇంత వోల్టేజి యెందులకందురా? వోల్టేజిని పదిరెట్లు పెంచినచో అంతే శక్తిని పంపుటకు ప్రవాహము పదవవంతు చాలును. తీగలో వ్యర్థమగు శక్తి నూఱవవంతునకు తగ్గును. ఎండనుబట్టి, గాలినిబట్టి హెచ్చుతగ్గులగు సౌరపవన విద్యుత్తులు చేరుకొలది ఈ గ్రిడ్డును నిలుపుట మఱింత సున్నితమైన కార్యమగుచున్నది. గణనయంత్రమైనను విద్యుత్తు నిలిచిన నిలుచును. ఈ వ్యవస్థను కాపాడువారు మన కళాశాలలనుండియే రావలయును గదా!

పట్టభద్రుని ముందున్న మార్గములు కూడ సంకుచితములు కావు. విద్యుత్పాదక, ప్రసార, పంపిణీ సంస్థలలో ఇంజనీరు ఉద్యోగములు కలవు. గేట్ పరీక్షలోని మార్కులను బట్టి ఎన్.టి.పి.సి., పవర్ గ్రిడ్ వంటి ప్రభుత్వరంగ సంస్థలు నియామకములు చేయుచు వచ్చినవి. ఉన్నతవిద్యకును ఆ పరీక్షయే ద్వారము. విద్యుద్వాహనములు, బ్యాటరీలు, సౌరయంత్రములు క్రొత్త క్షేత్రములు. వీనిలో దేనియందైనను నిలుచువాడు మెట్లెక్కి వచ్చినవాడే. గడప దాటి అచ్చటనే కూర్చున్నవాడు కాడు.

కావున మన భూస్వాములకును పట్టణవాసులకును మేము చేయు విన్నపమిది. బిడ్డ ర్యాంకుకాగితమును చూచుటకు ముందు వాని గణితపుస్తకమును చూడుడు. సంకీర్ణసంఖ్యలు, ప్రేరణపాఠము చదివి, దాని భావమును తన మాటలలో చెప్పగలడేమో అడుగుడు. చెప్పగలిగినచో, ర్యాంకు కొంచెము తగ్గినను, ప్రయోగశాల నడుచుచున్న కళాశాలలో, ఎకరమమ్మకయే చేర్పుడు. చెప్పలేనిచో, లక్షలిచ్చి స్థానము కొనుటకు ముందు ఒక సంవత్సరము పునాది గట్టిపఱచుటయో, పాలిటెక్నిక్కు మార్గమున చేతిపనితో నారంభించుటయో, వాని మనస్సునకు నచ్చిన వేఱు విద్య చూచుటయో మేలు. మన ఊళ్లలో ట్రాన్సుఫార్మరులు కాలుచుండుట చాలకాలముగా చూచుచున్నాము. వానిని కాలకుండ చేయగలవారు వేయిమందిలో నూఱుగురు వచ్చినను దేశమునకు లాభమే. వచ్చునట్లు చేయుట ప్రభుత్వము చేతిలో సగమున్నది; సగము బిడ్డలను బడికి పంపు మన చేతులలోనే యున్నది.